మిద్దె మీద గడ్డి

పోయిన వారం మా అంగడికి ఒకామె వచ్చింది. సిమెంటు తొట్లు కావాలంది. ఉన్న రకాలన్నీ చూపించాను. ఆమె రంగు అడగలేదు, ధర అడగలేదు. ఒక తొట్టిని ఒరిగించి, బోర్లించి, అడుగున ఉన్న బొక్కలో వేలు పెట్టి చూసింది. ధర చెప్పబోతున్నవాణ్ణి నోరు మూసుకున్నాను. తొట్టి కొనడానికి వచ్చేవాళ్ళు పైన చూస్తారు. అంచు చూస్తారు, పక్కల పూలూ లతలూ చూస్తారు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ముందుగా అడుగు చూసిన మనిషిని ఇంకొక్కరినే ఎరుగుదును. ఆమె చనిపోయి ఏడాది దాటింది. పోయిన సంగతి కూడా నాకు నెల తర్వాత గానీ తెలియలేదు.

వచ్చినామెకు తొట్టిని ఆమె అడిగిన ధరకే ఇచ్చేశాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మాది చిత్తూరులో పాత్రల అంగడి. నేను నడక నేర్చుకున్నది చెంబుల మధ్య, మాటలు నేర్చుకున్నది గిరాకీల నోళ్ళ నుంచి. నాయన నాకు బళ్ళో చెప్పని పాఠాలు చాలా చెప్పినాడు. "గిరాకి సెయ్యి సరుకు మీద పడిందంటే సగం బేరం అయినట్టేరా" అనేవాడు. "ఇద్దురూ గమ్మునుంటే, ముందు నోరు తెరిసినోడు ఓడినట్టు" అనేవాడు. తర్వాత పాత్రల వ్యాపారం పలచబడింది. నేను తిరుపతి దారిలో జాగా తీసుకుని తొట్లూ మొక్కలూ పెట్టుకున్నాను. హోటళ్ళకూ అపార్టుమెంట్లకూ తోటలు వేసిచ్చే పని కూడా పట్టుకున్నాను. మొక్కల గురించి నాకేం తెలుసని అడక్కండి. చెంబుల గురించి కూడా నాయనకు తెలిసింది బరువొక్కటే.

ఆ పోయినామె నా దగ్గరికి పని కోసం వచ్చిన రోజు నేను అంగడి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాను. చీర మీద మగవాళ్ళ నిండుచేతుల చొక్కా, మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు. రెండు కాళ్ళకూ రెండు రంగుల హవాయి చెప్పులు. చేతిసంచిలో గుడ్డ చుట్టిన కత్తి. సత్యవేడు పక్క పల్లె అని చెప్పింది. నన్ను పని అడగకుండా నేరుగా తొట్ల వరస దగ్గరికి పోయి ఒకదాన్ని బోర్లించింది.

"ఏమప్పా, ఈ బొక్కలో నా సిటికినేలు గూడా దూరలా. నీళ్ళు ఎట్ట పోతాయి? నువ్వు తొట్టి అమ్మతా ఉండావా, బాయి అమ్మతా ఉండావా?"

"గిరాకీలు వినేరక్కా, మెల్లగా" అన్నాను.

"ఇనిపిచ్చేదానికే గదప్పా అరస్తా ఉండేది."

ఆ నోరు బయట తిరిగేకంటే నా దగ్గర ఉంటేనే మేలనుకున్నాను. మొక్కల్లో ఏది బాగా వచ్చునని అడిగితే "గడ్డి" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

నాయన కాలం నుంచీ మా ఇంట్లో ఒక పద్ధతి. కొత్త మనిషిని పనికి పెట్టుకుంటే శుక్రవారం పూజ అయ్యాక రెండు ఆకులూ ఒక వక్కా చేతిలో పెడతాం. తీసుకుంటే మాట ఇచ్చినట్టు. మానుకోవాలన్నా ఆకు ఇచ్చిన మనిషే నోరారా 'పొయ్యిరా' అనాలి. ఇప్పుడు అదంతా ఎవరు పట్టించుకుంటున్నారు? ఆకు నమిలి ఊసేలోపే పక్క అంగడికి పోయేవాళ్ళున్నారు. నేనూ అలవాటు కొద్దీ ఇచ్చాను. ఆమె కొంగు చాపి తీసుకుంది, కళ్ళకద్దుకుంది. నమల్లేదు, కొంగున ముడేసుకుంది. ఈమె పాతకాలపు మనిషి, తనంతట తాను వదిలిపోదు అని నాకు అప్పుడే అర్థమైంది. అర్థమై సంతోషించాను. ఆ సంతోషం గురించే ఇదంతా రాస్తున్నాను.

ఆమెను నేను 'అక్కా' అని తప్ప పిలవలేదు. పనివాళ్ళు చాటుగా గడ్డామె అనేవాళ్ళు.

ఆ ఏడు తిరుపతిలో ఒక హోటలు ముందు తోట వేసే పని దొరికింది. హోటలాయన తాటిజాతి చెట్లు కావాలన్నాడు. ఆ చెట్లలో ఒక్కటి చచ్చినా నా లాభం చచ్చినట్టే. గడ్డి అయితే నా జాగాలోనే పెరుగుతుంది, ఒక దుబ్బును చీల్చితే ఆరవుతుంది. అందుకని ఆయనకు ఫోన్లో బెంగుళూరు హోటళ్ళ బొమ్మలు చూపించి, ఇప్పుడంతా అలంకారపు గడ్డేనని ఊదరగొట్టాను. ఆయన అనుమానంగా చూస్తే నోరు జారాను.

"గడ్డి సార్ ఇది. సచ్చేది కాదు. ఏడాది గ్యారెంటీ. ఏ దుబ్బు సచ్చినా నా ఖర్చుతో కొత్తది."

ఆయన చిన్న కాగితం తెప్పించి ఆ మాటే రాయించాడు. ఆఖరి వాయిదా ఏడాది నిండాకే అన్నాడు. అంగట్లో పుట్టినవాణ్ణి నా నోటితోనే కట్టేసి పంపించాడు.

ఆ మడిని ఆమె వేసిన తీరు చూడాల్సిందే. నలభై అడుగుల పొడవు. వెనక తెల్లచారల రెల్లు, మధ్యన ఊదారంగు ఫౌంటెన్ గడ్డి, అంచున నిమ్మగడ్డి. పొట్టివాళ్ళను ముందు, పొడుగువాళ్ళను వెనక పెట్టి ఫోటో తీసినట్టు. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య మూరెడు ఖాళీ వదిలింది. హోటలాయన వచ్చి చూసి "ఏందిది, బట్టతల మాదిరి?" అన్నాడు.

"మూడు నెల్లు ఆగు సామీ" అందామె, లేవకుండానే. "ఒకదాని మోసెయ్యి ఇంకోదానికి తగలకూడదు. తగిల్తే రెండూ ఏడస్తాయి."

మూడు నెలలకు మడి నిండింది. ఊదా ఆకుల మీద పిల్లితోకల్లాంటి వెన్నులు. బస్సు పోయిన గాలికి అవన్నీ ఒక్కసారిగా వంగి లేచేవి. జనం ఆగి ఫోటోలు తీసుకునేవాళ్ళు. ఆ గడ్డి కోసిందంటే బ్లేడు కోసినట్టే. ఆమె ఎప్పుడూ అరచేత్తో తాకదు, చేతి వెనకపక్కతో తోసుకుంటూ పోతుంది, తెర తొలగించుకున్నట్టు.

అంతా బాగుందనుకునేలోపు ఆవు వచ్చింది.

తిరుపతిలో యాత్రికులకు ఆవు కనబడితే చెయ్యి ఊరుకోదు. కొండ దిగి వచ్చినవాళ్ళు ఆవుకు పిడికెడు గడ్డి పెట్టి కళ్ళకద్దుకుంటే గానీ రైలెక్కరు. గుళ్ళ దగ్గర గడ్డి కట్టలు అమ్మేది అందుకే. ఒకనాడు గోదావరి పక్కనుంచి వచ్చిన యాత్రికుల గుంపు మా హోటలు ముందు దిగింది. ఎదురుగా ఆవు. పక్కనే నలభై అడుగుల గడ్డి. హోటలువాళ్ళు గోసేవకని పెంచుతున్నారనుకున్నారు. నేను వెళ్ళేసరికి ఒక పెద్దావిడ పిల్లితోకల దుబ్బు పీకుతోంది, మా గడ్డామె ఆ చేతికి అడ్డం పడి ఉంది.

"ఎంతమ్మా కట్ట?" అంటోంది పెద్దావిడ.

"అమ్మేది కాదమ్మా, సూసేది."

"గడ్డిని చూడ్డమేంటమ్మా, విడ్డూరం కాకపోతే! ఆవు తినేదేగా?"

ఆ ప్రశ్నకు ఆవే నములుతూ జవాబు చెబుతోంది. పెద్దావిడ ఊరికే తీసుకుంటే పుణ్యం రాదని మడిలో చిల్లర వేసి పోయింది. ఆమె వెనక వచ్చినవాళ్ళూ వేశారు.

వేరే ఎవరైనా అయితే ఆ చిల్లరతో టీ తాగేవాళ్ళు. ఆమె రోజూ ఏరి ఒక డబ్బాలో వేసేది. "ఇది ఆవు సొమ్మప్పా. నేను తింటే కడుపులో మొలస్తాది" అనేది. వారానికోసారి ఆ డబ్బాతో తవుడు కొని, నీళ్ళలో కలిపి ఆవు ముందు పెట్టేది. తవుడు రుచి చూసిన ఆవు ఊరుకుంటుందా? రోజూ టైముకు వచ్చేది. ఇంకో రెండింటిని వెంటబెట్టుకొచ్చేది. ఆవులు పెరిగే కొద్దీ పుణ్యాత్ములు పెరిగారు, చిల్లర పెరిగింది, తవుడు పెరిగింది. సంక్రాంతి నాటికి మడిలో మొదళ్ళు మిగిలాయి.

"నీ నిజాయితీ నా కొంప ముంచింది గదక్కా" అన్నాను.

"ఏం సేసేది? దాని లెక్క దానికి ఇయ్యకపోతే ఎట్టప్పా?" అందామె. నిజంగానే అడిగింది.

హోటలాయన నన్ను పిలిపించి, కాగితం తీసి, వేలితో పైకి చూపించాడు. గడ్డినంతా తొట్లలో మిద్దె మీద పెట్టమన్నాడు. అక్కడ ఫంక్షన్లు జరుగుతాయి, అక్కడికి ఆవులు రావు. అయిదంతస్తులు. మన్ను రాలుతుందని పనివాళ్ళకు లిఫ్టు లేదు.

ఇక్కడ నా గొప్పతనం ఒకటి చెప్పాలి. నూటయిరవై తొట్లు కావాలి. మా అంగడి వెనక ఎవరూ కొనని తొట్లు గుట్టగా పడున్నాయి. సన్నగా, పొడుగ్గా, చూడ్డానికి కూజాల్లా ఉంటాయి. అడుగున చిటికెనవేలు దూరని బొక్క. అవి వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి రోజు రాదనుకున్నాను. మిద్దె మీదికి తొట్లు చేరాక ఆమె ఒకదాన్ని బోర్లించింది, నా మొహం చూసింది, మళ్ళీ నిలబెట్టింది. ఆమె ఏదో ఒకటి అంటుందని నేను సమాధానం సిద్ధం చేసుకునే వచ్చాను.

ఆ తర్వాత ఆమె ఎక్కువగా పైనే ఉండేది. పొద్దున ఎక్కితే సాయంత్రం దిగేది. మోకాళ్ళు నొప్పెడతాయని మధ్యలో దిగేది కాదు. మిద్దె మీద నీడ ఒక్కటే, నీళ్ళ ట్యాంకుది. ఆ నీడ ఎటు జరిగితే అటు జరిగేది. తొట్లను తిట్టేది. "ఏమే, నీకేం రోగం? పక్కది తాగలా?" అనేది. ఆకులు పసుపెక్కితే నేను కంగారుపడేవాణ్ణి. "గడ్డి సచ్చిందని ఎవురూ సెప్పలేరప్పా. ఎండినాదో నిద్రపోతాందో ఏరుకే ఎరక" అనేది. నాకు మాత్రం ఒక్కటే ఎరుక. నూటయిరవై దుబ్బుల గ్యారెంటీ ఆ కాగితంలో లేదు, ఈమె రెండు చేతుల్లో ఉంది.

మే నెలలో హోటలాయన ఫోను చేశాడు. సగం గడ్డి పసుపెక్కుతోందట. ఒంటిగంట ఎండలో అయిదంతస్తులు ఎక్కాను. ఫోను కింద రిసెప్షన్లో చార్జింగుకు పెట్టాను. ఆమె ఫోను మెట్ల కింద అన్నం సంచిలో ఉంటుంది, పైన తడుస్తుందని. మేమిద్దరం ట్యాంకు వెనక తొట్లు చూస్తుండగా వాచ్‌మన్ మిద్దె తలుపు తోసి చూశాడు. ఎవరూ కనబడలేదు. గడియ పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, రైల్వేస్టేషన్‌కు వాళ్ళ మామను తీసుకురావడానికి పోయాడు. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు వినబడింది గడియ చప్పుడొక్కటే.

నేను ఇనప తలుపును గుద్దాను. అరిచాను. కింద బస్సుల హారన్లు. "ఎవురక్కడ? తలుపు తియ్యండప్పా, ఏమన్నా ఇస్తా!" అని కేకేశాను.

"తలుపుతో బేరమాడతా ఉండావా?" అంది ఆమె వెనకనుంచి. "రా, ఈ గోనె మీద నిలబడు. కాళ్ళు కాలతాయి."

గోనెసంచి తడిపి ట్యాంకు నీడలో పరిచింది. ఆ నీడ ఇద్దరికి చాలదు. నన్ను లోపల కూర్చోబెట్టి తాను అంచున కూర్చుంది. అరగంటకు నా నాలుక అట్టకట్టింది. పైపు నీళ్ళు తాగితే పొయ్యి మీదినుంచి దించినట్టున్నాయి. నాకు ఊపిరాడలేదు. చుట్టూ గాలి, పైన ఆకాశం, అయినా గదిలో పెట్టి మూసినట్టుంది. ఆమె మాత్రం ఎప్పట్లాగే ఉంది. అప్పుడు తట్టింది నాకు, ఆమెకు ఈ తాళం కొత్త కాదని.

"ఇట్ట ఇంతకుముందు ఎప్పుడన్నా..." అన్నాను.

"రెండు మూడు తూర్లు. పెద్దోళ్ళ ఫంక్షన్లంటే మమ్మల్ని కనబడొద్దంటారు. ఏసేసి మర్సిపోతారు."

"సెప్పలేదే?"

"సెప్తే ఏం సేస్తావు?"

ఆమె లేచి ఒక తొట్టిని పడుకోబెట్టి, అరచేత్తో రెండు దెబ్బలు వేసి, దుబ్బును బయటికి లాగింది. మన్ను రాలలేదు. రాలడానికి మన్ను లేదు. తొట్టి ఆకారంలోనే వేళ్ళు, తెల్లగా, ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, గట్టిగా తాడుచుట్టలా ఉన్నాయి. ఒక వేరు బొక్కలోంచి బయటపడబోయి అక్కడే బిరడాలా బిగుసుకుంది.

"సూడు. నీళ్ళు పోస్తే పక్కల జారి పోతాయి, లోపలికి దిగవు. అందుకే రోజుకు పది తొట్లు టబ్బులో ముంచి లేపతా ఉండా. పన్నెండు దినాలకు ఒక సుట్టు. మళ్ళా మొదలు. పెద్ద తొట్లు కావాలప్పా అని శివరాత్రికి అడిగినా, ఉగాదికి అడిగినా."

నేను ఊరుకున్నాను. ముందు నోరు తెరిచినవాడు ఓడినట్టు.

ఆమె దుబ్బును మళ్ళీ తొట్టిలో పెట్టి, నా వైపు తిరగకుండానే చెప్పింది. ఏర్పేడు దగ్గర పెద్ద చదువుల క్యాంపస్ ఉంది గదా, అందులో తోటపనికి ఒక మనిషి కావాలట. వాళ్ళ చెల్లెలి కూతురు అక్కడ వంటింట్లో చేస్తుంది. ఆ పిల్ల తోట సూపర్‌వైజరుతో మాట్లాడింది. గడ్డి పని తెలిసిన మనిషని చెబితే రమ్మన్నాడట. ఒకటో తారీకులోగా చేరాలి.

"దావకు రెండు పక్కలా గడ్డే అంటప్పా. మడులంట. నేలలో. తొట్లు గాదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు మారింది. ఇన్ని నెలల్లో ఆ గొంతు నేను వినలేదు. "మెట్లు లేవు. బస్సు గేటు కాడే నిలస్తాదంట. నా మోకాళ్ళు ఇంకొక ఎండాకాలం ఎక్కలేవప్పా. ఆకు నువ్వు ఇచ్చినావు. నువ్వే సెప్పాల, పొయ్యిరమ్మని."

నా గ్యారెంటీ తీరడానికి ఇంకా నాలుగు నెలలుంది. నేను వెంటనే బేరంలోకి దిగాను. జీతం పెంచుతానన్నాను. తోడుకు మనిషిని ఇస్తానన్నాను. ట్యాంకు దగ్గర రేకు వేయిస్తానన్నాను. ఒక్కో మాటా చెప్పి ఆమె మొహం చూశాను, చెయ్యి సరుకు మీద పడుతుందేమోనని. ఆమె గమ్మునుంది. అబ్బో, గట్టి మనిషే, నాయన పాఠం ఈమెకూ తెలుసే అనుకుని ఇంకొంచెం పెంచాను.

చివరికి ఆమె అంది: "బేరం గాదప్పా ఇది. అడిగినా, అంతే."

నీడ తొట్ల మీదికి జరిగింది. నా కాళ్ళు ఎండలోకి వచ్చాయి. ఆమె తన వాటా కూడా నాకు వదిలి, ఒక రెల్లు దుబ్బు వెనక ముడుచుకుని కూర్చుంది. తల తిరుగుతోంది నాకు. ఆ క్షణాన ఎవరేం అడిగినా ఇచ్చేవాణ్ణి. "సరేనక్కా" అన్నాను. "ఒకటో తారీకుకు పొయ్యేవులే. ఈ తలుపు తెరవనీ."

"తలుపుకూ దానికీ ఏం సంబంధం?" అని నవ్వింది. పళ్ళన్నీ కనబడేలా నవ్వడం అదే చూశాను.

నాలుగింటికి వాచ్‌మన్ వచ్చి తలుపు తీశాడు. లోపలి చల్లదనం మొహానికి తగిలింది. నేను ముందు, ఆమె వెనక, మెట్లు దిగుతున్నాం. నాలుగో అంతస్తులో మంచినీళ్ళ మిషను ఉంది. రెండు గ్లాసులు తాగాను. ప్రాణం లేచివచ్చింది. ప్రాణంతోపాటు అన్నీ లేచివచ్చాయి.

"అక్కా, ఒకటో తారీకంటే మరీ దగ్గిర గదా. ఒక్క నెల ఆగరాదా?" అన్నాను.

మూడో అంతస్తులో, కొత్త మనిషికి పని నేర్పించాలంటే రెండు నెలలన్నా పడుతుందన్నాను. రెండో అంతస్తులో హోటలాయన మంచివాడు కాదని చెప్పాను. మొదటి అంతస్తులో నా పిల్లల ఫీజుల సంగతి తెచ్చాను. కింద, గాజు తలుపు దగ్గర, చల్లగాలిలో నిలబడి, "గ్యారెంటీ అయిపోయినాక నేనే నిన్ను స్కూటరు మీద తీసకపోయి ఆడ చేరుస్తా, నా మాట" అన్నాను.

నేను చెప్పేవన్నీ వింటూ ఆమె రెండు చేతులతో మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. చివరి మెట్టు మీద ఆగి, "నీ ఇష్టమప్పా" అంది. మెట్ల కింద పెట్టిన అన్నం సంచి తీసుకుని పోయింది. మధ్యాహ్నం తినలేదు గదా, ఆ అన్నం అట్లాగే ఉంది.

నాయన ఉండుంటే భుజం తట్టేవాడు. ఒక్క రూపాయి పెరగకుండా నాలుగు నెలలు గెలిచాను.

ఆ నాలుగు నెలల్లో ఒక్క దుబ్బు చావలేదు. రేకు వేయించలేదు, అడగలేదు కాబట్టి. సెప్టెంబరులో హోటలాయన కాగితం చింపి నా చేతికి ఆఖరి వాయిదా ఇచ్చాడు. తర్వాతి వారం నేను స్కూటరు వేసుకుని హోటలుకు పోయాను. మిద్దె ఎక్కలేదు, కబురు పంపాను. ఆమె దిగి వచ్చేదాకా చాలాసేపు పట్టింది.

"పొయ్యిరా అక్కా" అన్నాను. దానం చేస్తున్నవాడిలా అన్నాను.

"యాడికప్పా?" అంది.

"ఏర్పేడుకు. రా, కూర్చో. నేనే మాట్లాడతా."

ఆమె ఎందుకు ఎక్కిందో తెలియదు. ఆ మడులు ఒక్కసారి చూడాలని ఎక్కిందేమో. దారిపొడుగునా ఒక చేత్తో సీటు పట్టుకుంది, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుంది.

క్యాంపస్ గేటు దాటాక ఆమె చెప్పినట్టే దారికి రెండు పక్కలా గడ్డి. రొమ్మెత్తు రెల్లు, దాని ముందు ఊదా దుబ్బులు, ఒక్కోటి బండిచక్రమంత. ఆమె స్కూటరు ఆపమంది. దిగింది. నేను సూపర్‌వైజరు గదికి పోయాను. మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు.

"ఆ పని మూడు నెలల కిందే నిండిపోయింది సార్. ఈమె కోసం పది దినాలు ఎక్కువే చూసినాము. రాకపోయేసరికి ఇంకొకామెను తీసుకున్నాము."

అప్పుడు మొదలుపెట్టాను. పూటపని ఇవ్వమన్నాను. రోజుకూలికి పెట్టుకోమన్నాను. ఆమె జీతం కొన్నాళ్ళు నేనే ఇస్తానన్నాను. మొక్కలు ఊరికే ఇస్తాను, తొట్లు ఊరికే ఇస్తాను అన్నాను. మా వంశంలో 'ఊరికే' అన్న మాట అన్నవాణ్ణి నేనే మొదలు.

"ఇదేమన్నా అంగడా సార్?" అన్నాడాయన, నొప్పించకుండా. "ఉండేది ఒక్క పని. ఆమెను తీసేసి ఈమెను పెట్టమంటారా?"

ఇంకేం మిగిలిందని వెతికితే నాయన పాఠం ఒకటే మిగిలింది. గమ్మున కూర్చున్నాను. ఆయనే ముందు నోరు తెరుస్తాడని చూశాను. ఆయన గడియారం చూసుకుని, క్యారియరు తీసుకుని, భోజనానికి లేచిపోయాడు.

నేను బయటికి వచ్చేసరికి ఆమె మడి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ఎదురుగా ముప్ఫయ్యేళ్ళ మనిషి, చేతిలో కొడవలి, చుట్టూ కోసిన గడ్డి చెల్లాచెదురుగా. ఆ పనిలో చేరిన మనిషి ఆమేనని నాకు చెప్పకుండానే తెలిసింది. మా గడ్డామె ఇంకో పెద్ద దుబ్బును రెండు చేతులా దగ్గరికి చేర్చి, గడ్డిపోచలతోనే పేనిన తాడుతో నడుమున బిగించి కట్టి, కొడవలి అందుకుంది.

"ముందు కట్టు. కొప్పు మాదిరి. కట్టినాక మొదుట్లో కోస్తే ఒక్క పోస కింద పడదు. అట్టనే ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. సూసినావా?" అంటోంది. "రెండేండ్లకు నడిమద్దెన సచ్చిపోతాది. భయపడొద్దు. పెళ్ళగిచ్చి, నడిమిది పారేసి, సుట్టూతా ఉండేదాన్ని సీల్సి నాటుకో. ఆరయితాయి."

నా దగ్గర ఏడాది పనిచేసింది. నాకు ఈ విద్య చెప్పలేదు. నేను అడగలేదు.

"ఇంత పని తెలిసినదానివి, నువ్వు ఈడ్నే చేరకూడదా అక్కా?" అంది ఆ మనిషి. ఏమీ తెలియక అడిగింది.

"నాకు పనుండాదిలేమ్మా" అని మా గడ్డామె కొడవలి ఆ మనిషి చేతికిచ్చేసి, నేల మీద చెయ్యి ఊని మెల్లగా లేచింది. నన్ను చూసింది. లోపల ఏమయిందని అడగలేదు. నా మొహంలో అంతా ఉండి ఉంటుంది.

"పదప్పా. నీళ్ళకు పొద్దవతా ఉండాది" అంది.

"యాడ నీళ్ళకక్కా?"

"మిద్ది మీద."

"నీకింక ఆ పని లేదు గదక్కా" అన్నాను. "గ్యారెంటీ పోయిన వారమే అయిపోయినాది. అవి ఇప్పుడు హోటలాయనవి. సస్తే ఆయనే సూసుకుంటాడు."

ఆమె స్కూటరు వెనక ఎక్కి, కాళ్ళు సర్దుకుని కూర్చుంది.

"నీ గ్యారెంటీ అయిపోయినాదని వాటికి యాడ తెలస్తాదప్పా? పద."